దాహం పెంచే గోలీ

పోయిన వారం నూరీన్‌ను మిద్దె మెట్ల మీద, గుప్పిట్లో రెండు గోలీల షీట్లతో వదిలేసి వచ్చాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే కూర్చుని ఉంది. మధ్యలో వచ్చి చేరినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పి లోపలికి పోదాం.

మంచిర్యాల బస్టాండు వెనక సందులో బైకు సీట్లకు కవర్లు కుట్టే షరీఫ్‌ను ఎరగనివాళ్ళు తక్కువ. భార్య షాహిదా, ఇచ్చోడ ఊరి ఆడపడుచు. ఒక్కగానొక్క కూతురు నూరీన్ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. నిరుడు రంజాన్ నెల నెలంతా షరీఫ్ గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. ఒక్క రోజా, అంటే ఉపవాసం, ఉండలేదు, ఒక్క నమాజుకు లేవలేదు. కిడ్నీలో రాయి అని షాహిదా గల్లీ అంతా చెప్పుకొచ్చింది. మొన్నటి చలికాలంలో మళ్ళీ అదే తీరు మొదలైంది. తాయెత్తులు, థైరాయిడ్ పరీక్షలు, నరాల డాక్టరు అన్నీ అయ్యాక కరీంనగర్‌లో మమతారాణి అనే మానసిక వైద్యురాలి దగ్గరికి చేరారు.

ఆమె గంటన్నర సేపు అడిగింది. ఎనిమిదేళ్ళ కింద ఇదే షరీఫ్ మూడు వారాలు నిద్ర లేకుండా తిరిగి, భివండీలో నలభై మిషన్లతో ఫ్యాక్టరీ పెడతానని చెప్పాపెట్టకుండా రైలెక్కిన సంగతి రాబట్టింది. అప్పుడు చెప్పింది, ఇది ఉత్త దిగులు కాదు, రెండు కొసల జబ్బు అని. చీటీ మీద బైపోలార్ అని రాసింది. కింద పడ్డ మనిషిని లేపడానికి ఒక గోలీ, అది కొన్నాళ్ళకే. ఇంకొకటి తెల్లది, లిథియం. లేచినవాడు పైకి ఎగిరిపోకుండా, మళ్ళీ కింద పడకుండా నిలబెట్టేది అదే. రెండు నెలల్లో షరీఫ్ దుకాణం తెరిచాడు. అంతలో రంజాన్ వచ్చింది.

ఇవాళ ఇరవయ్యో రోజా. పండుగ సామాను దాచే డబ్బాలో సేమియా కోసం చెయ్యి పెట్టిన నూరీన్‌కు ఈ రెండు షీట్లు దొరికాయి. లేపే గోలీల షీటు దాదాపు ఖాళీ. తెల్ల గోలీలు మాత్రం పదిహేడు రోజులుగా ఎవరూ ముట్టుకోనట్టు కుదురుగా ఉన్నాయి. గోలీలు తీసి చిన్న స్టీలు గిన్నెలో వేసి, ఇఫ్తార్ అయ్యాక షరీఫ్ చేతికిచ్చేది ఆ ఇంట్లో ఒక్కరే.

ఇంకో మాట. వీళ్ళింట్లో సగం ఉర్దూ, సగం తెలుగు నడుస్తుంది. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వాళ్ళకే తెలియదు. నేను మాత్రం తెలుగులోనే చెప్పుకొస్తాను.

*

మధ్యాహ్నం మూడు దాటింది. ముందు గదిలో మిషన్ ఆగడం లేదు.

షరీఫ్ దుకాణంలోని మిషన్‌ను నిన్ననే ఇంటికి మోసుకొచ్చాడు. దుకాణంలో ఉండే రెండో మిషన్ ఏమైంది అంటారేమో, దాన్ని రైల్వే స్టేషన్ దగ్గర కలిసిన ఒక ముక్కూమొహం తెలియని మనిషికి ఇచ్చేశాడు. అతనికి కుట్టు రాదు. నేర్చుకుంటాడులే అన్నాడు షరీఫ్. ఆ ముచ్చట విని గల్లీలో ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. ఇంత దిల్ ఉన్న మనిషిని చూడలేదన్నారు. తెల్లవార్లూ నమాజులో నిలబడుతున్నాడట, తెల్లవారుజామున సహరీ భోజనానికి తనే గల్లీలో అందర్నీ లేపుతున్నాడట, మొహంలో నూర్, ఆ పైవాడి వెలుగు, కనబడుతోందట. నిజమే, కనబడుతోంది. రెండు వారాలుగా రెండు గంటలకు మించి పడుకోని మనిషి కళ్ళు మెరుస్తాయి. రంజాన్‌లో అందరూ నిద్ర తగ్గించుకునేవాళ్ళే, అందరూ దానాలు చేసేవాళ్ళే. అందులో ఒకడు మితి మీరిపోతుంటే ఎవరికి తెలుస్తుంది?

"బేటా, జర దారం అందుకో" అన్నాడు షరీఫ్, మెట్లు దిగి వచ్చిన నూరీన్‌ను చూసి. "నలభై దిండ్లు. ఇమాం సాబ్‌కు ఎర్రది, అజాన్ ఇచ్చే మోజన్ సాబ్‌కు పచ్చది. రెగ్జిన్ దిండు తుడిస్తె అయిపోతది, చెమట వాసన రాదు. గిది దేశంల ఎవ్వనికీ తట్టలే! పండుగైనంక హైదరాబాద్, బొంబాయి, అన్ని మసీదులకు నేనే కుడత. నువ్వు లెటర్ రాయి. ఇంగ్లీషుల రాయి. లేకుంటె అరబ్బీల. నీకు అరబ్బీ వస్తదా? నేర్చుకో, వారం రోజుల పని."

అతని పెదవులు ఎండి పగిలాయి. గోడ పక్కన చాపలో చుట్టిన పరుపు, దుప్పటి, రెండు జతల బట్టలు సిద్ధంగా ఉన్నాయి. ఇవాళ పొద్దు గూకకముందే షరీఫ్ ఇతికాఫ్‌కు పోతున్నాడు. రంజాన్ చివరి పది రోజులు ఇల్లు, దుకాణం అన్నీ వదిలేసి మసీదులోనే ఉండిపోయి ప్రార్థనలో గడపడం అది. లోపల కూర్చున్నవాడు పండుగ నెలవంక కనబడ్డాకే బయటికి వస్తాడు. ఆ రాత్రుల్లో ఇరవయ్యేడోది అన్నిటికన్నా పవిత్రమని నమ్మకం. మహల్లాకు ఒక్కరైనా కూర్చోవాలి. ఎవరూ కూర్చోకపోతే ఆ లోటు గల్లీ మొత్తానిది. ఈ ఏడు నేనున్నానని షరీఫ్ ముందుకొచ్చాడు, అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"అబ్బా, జర సేపు పండుకోరాదా" అంది నూరీన్.

"పండుకునుడా? ఇరవయ్యేడో రాత్రి దాటినంక పండుకుంట." సూదిలో దారం ఎక్కిస్తూ నవ్వాడు. "గా రాత్రి నేను పోత బేటా. పిలుస్తుండ్రు."

"ఎక్కడికి? ఎవరు పిలుస్తుండ్రు?"

షరీఫ్ మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు. నూరీన్ గుప్పిట్లో షీట్లు గట్టిగా పట్టుకుని వంటింట్లోకి పోయింది.

*

షాహిదా శనగలు ఉడకపెట్టి, పకోడీల కోసం ఉల్లిగడ్డలు కోస్తోంది. నూరీన్ ఆ రెండు షీట్లనూ ఉల్లిగడ్డల పక్కనే పెట్టింది.

"అమ్మీ, గివేంది?"

షాహిదా చూసింది. కత్తి ఆగలేదు. "నా డబ్బాల చెయ్యెందుకు పెట్టినవ్?"

"అబ్బాకు తెల్ల గోలీ ఇస్తలేవా?"

"మెల్లగ మాట్లాడు. మీ అబ్బాకు ఇనబడ్తది."

"మిషన్ నడుస్తుంది, ఇనబడదు. ఇస్తలేవా?"

"ఇస్తలేను" అంది షాహిదా. ఆ ఒక్క మాటా అనేసరికి ఆమె కత్తి కింద పెట్టాల్సి వచ్చింది. "మూడో రోజా నుంచి ఇస్తలేను. ఏం జేస్తవ్? నన్ను పోలీసులకు పట్టిస్తవా?"

నూరీన్‌కు కోపం రాలేదు. కోపం కన్నా ముందు భయం వచ్చింది. ఇంట్లో దొంగ ఎవరో కాదు, తల్లే అని తెలిసినప్పుడు వచ్చే భయం.

"ఎందుకమ్మీ?"

"ఎందుకా? నువ్వు కాలేజీకి పోయినవ్, నీకేం తెలుసు? మొదటి రోజా నాడు మధ్యాన్నం రెండింటికే నల్లా కింద తలపెట్టి చిన్న పోరగాని తీరు ఏడ్చిండు. నోరెండిపోతుంది షాహిదా, నాలిక మొద్దువారింది అన్నడు. గా గోలీ దాహం పెంచుతదని డాక్టరమ్మనే చెప్పింది గదా, నీళ్ళు మస్తు తాగాలె అని. రోజా ఉన్నోడు నీళ్ళేడ తాగుతడు? రెండో దినం రోజా తెంపేసిండు. తెంపి, దుప్పటి కప్పుకొని నా దిక్కు చూస్తలేడు. చేతులు గూడ వణుకుతున్నయ్, కుట్టు వంకర పోతుంది. నిరుడు రాయి అని చెప్పిన. ఈయేడు ఏం చెప్పాలె? రోజాలు లేకుంటె మల్ల మంచానికి అతుక్కపోతడని భయపడ్డ. గందుకే తీసేసిన. లేపేటి గోలీ ఉంచిన. లేచి ఉంటె చాలనుకున్న."

"డాక్టరమ్మకు ఒక్క ఫోన్ చేస్తె పాయె గదా! రంజాన్ ముందుగాల ఫోన్ చెయ్యుమని ఆమె రెండు సార్లు చెప్పింది. నేనే చీటీ మీద రాసుకున్న."

"చేస్తె రోజాలు వద్దంటదని చెయ్యలే."

అదీ సంగతి. అడగాల్సిన మాట అడగలేదు, ఎందుకంటే జవాబు నచ్చదని ముందే తెలుసు. మనలో ఎంతమంది ఆ పని చెయ్యలేదో చెప్పండి.

"తర్వాత?" అంది నూరీన్. "వారం దినాలకు అబ్బా ఎట్లున్నడో చూస్తున్నవ్ గదా. రాత్రంత పండుకుంటలేడు. మిషన్ దానం ఇచ్చిండు. అప్పుడన్న మల్ల ఇయ్యకపోయినవా?"

షాహిదా కళ్ళల్లో నీళ్ళు ఉల్లిగడ్డలవో, కావో. కొంగుతో మొహం తుడుచుకుని, కూతురి వైపు కాకుండా పొయ్యి వైపు చూస్తూ చెప్పింది.

"ఐదో రోజా నాడు నాకు మల్లెపూలు తెచ్చిండే. పెండ్లయిన కొత్తల తెచ్చేటోడు. నా ఎనకనే వంటింట్ల తిరిగిండు. నా తోని ముచ్చట పెట్టిండు, నన్ను నవ్విచ్చిండు. రెండేండ్ల సంది ఈ ఇంట్ల ఒక మనిషి ఉన్నడా లేడా తెలుస్తలేకుండె. నా మొగడు నాకు దొరికిండనుకున్న నూరీన్. రంజాన్ బర్కత్, అల్లా దయ అనుకున్న. మల్ల గా తెల్ల గోలీ ఏస్తె మల్లెపూలు తెచ్చేటోడు పోతడేమో అని…"

నూరీన్ తల్లి భుజం మీద చెయ్యి వేసింది. ఆ క్షణంలో ఆమెకు తల్లి మీద జాలి కలిగింది, అంతకన్నా ఎక్కువగా తల్లిని ఒక దెబ్బ వేయాలనీ అనిపించింది. రెండూ నిజమే.

"అమ్మీ, మల్లెపూలు తెచ్చినోడు గూడ అబ్బానే. గని ఇప్పుడు ముందు గదిల ఉన్నోడు ఆగలేడు. ఇరవయ్యేడో రాత్రి పోత, పిలుస్తుండ్రు అంటుండు. నా తోని ఇప్పుడే అన్నడు."

షాహిదా తల తిప్పి చూసింది. "ఎక్కడికి పోతడట?"

"చెప్పలే. నవ్విండు."

*

మమతారాణి మూడో రింగుకే ఫోన్ ఎత్తింది. నూరీన్ స్పీకర్ పెట్టి, వంటింటి తలుపు దగ్గరగా వేసి, అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. తల్లి చేసింది కూడా చెప్పింది. షాహిదా తల దించుకుని నిలబడింది.

"ఎన్ని గంటలు పడుకుంటున్నడు?" అంది డాక్టరు.

"రెండు. ఒక్కోసారి అదీ లేదు మేడం."

"అలసట ఉందంటడా?"

"అస్సలు లేదంటడు. మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నయ్. నిన్నటి దాంక నవ్వుతుండె. ఇయ్యాల పొద్దుగాల్నుంచి నవ్వుతూ నవ్వుతూనే ఏడుస్తుండు."

డాక్టరు గొంతు నెమ్మదిగా వచ్చింది.

"షాహిదా గారు, వింటున్నరు కదా? ముందు ఒకటి వినండి. మీ తప్పుకు మీరు తర్వాత ఏడ్వొచ్చు, ఇప్పుడు పని ఉంది. ఈ జబ్బులో లేపే గోలీ ఒక్కటే ఇస్తే, పట్టి ఆపేది లేకుండా పైకి తోసినట్టు. పట్టి ఆపే మందు ఒక్కసారిగా మానేసిన్రు, దాని పైన నిద్ర లేదు. నిద్ర లేకపోవడం ఈ జబ్బుకు ఒట్టి గుర్తే కాదు, అది జబ్బును ఇంకా పెంచుతది. మూడూ కలిసినయ్. లేపే గోలీ ఈ రోజు నుంచి బంద్ చెయ్యండి. తెల్లది మాత్రం మీ అంతల మీరు మళ్ళా మొదలుపెట్టకండి. రోజా ఉండి, నీళ్ళు తక్కువైన ఒంట్ల అది విషం లెక్క పేరుకుంటది. రక్తం చూసి నేను చెప్త."

"రోజాలు వద్దంటరేమో అని చెయ్యలేదమ్మా ఫోన్" అంది షాహిదా.

"లిథియం మీద ఉండి రోజాలు అంటే వద్దనే అనేదాన్ని. వద్దన్నాక ఊరుకునేదాన్ని కాదు. దాహం పెంచని మందు, రాత్రి ఒక్కసారి వేసుకునేది, వేరేది ఉంది. నెల ముందు వస్తే మెల్లగ మార్చేవాళ్ళం. కుదిరితే రోజాలు కూడా ఉండేవాడేమో."

షాహిదా గోడకు ఆనుకుంది. తను ఇన్ని రోజులు దాచింది దేనికో, అది అడిగితే దొరికే అవకాశం ఉండేదని వినడం కన్నా పెద్ద శిక్ష లేదు.

"మేడం, అబ్బా ఇయ్యాల మసీదుల కూసుంటుండు, పది దినాలు" అంది నూరీన్. "ఇరవయ్యేడో రాత్రి పోత అంటుండు."

"పోనివ్వకండి." ఈసారి డాక్టరు గొంతులో నెమ్మది లేదు. "ఉరికే మనిషి ఎప్పుడో ఒకప్పుడు పడతడు. నవ్వుతూ ఏడుస్తుండంటే పడడం మొదలైందేమో. కాళ్ళల్ల బలం ఉంటది, మనసుల చీకటి ఉంటది, ఈ జబ్బుల అన్నిటికన్నా భయపడాల్సింది ఆ సమయానికే. అప్పుడు పక్కన ఉన్నవాళ్ళకు సంగతి తెలిసి ఉండాలె. తెలియని నలుగురి మధ్య ఉండడం, ఒంటరిగా ఉండడం ఒకటే. ఎవరితోనన్న కారులో కరీంనగర్ తీసుకురండి, ఏడింటి దాంక నేను హాస్పిటల్ల ఉంటా. దారిల మాట వినకుంటే మీ ఊరి సర్కారు దవాఖానకు తీసుకపోయి నాకు ఫోన్ కలపండి. గొడవ పెట్టుకోకండి, పిచ్చి అనకండి. నిద్ర కోసం మందు అని చెప్పండి, అది నిజమే. ఇంట్ల మగవాళ్ళు ఎవరన్న ఉన్నరా, ఆయన మాట వినేవాళ్ళు?"

తల్లీ కూతుళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. షరీఫ్ మాట వినేది ప్రపంచంలో ఒక్కడిదే. అన్న మోయిజ్‌ది. ఇతికాఫ్‌కు షరీఫ్ పేరు కమిటీలో చెప్పింది కూడా ఆ మోయిజే.

*

మోయిజ్ నాలుగున్నరకు వచ్చాడు. ఇనుప సామాను దుకాణం, మసీదు కమిటీలో పెద్దరికం, తెల్లటి లాల్చీ, చేతిలో అత్తరు సీసా. తమ్ముణ్ణి తనే దగ్గరుండి తీసుకుపోవాలని ముచ్చటపడి వచ్చాడు. ముందు గదిలో తమ్ముడి భుజం తట్టి, దిండ్లు మెచ్చుకుని, "లే, స్నానం చెయ్, టైమ్ అయితుంది" అన్నాడు. "ఇంకో మూడు ఉన్నయ్ భాయ్, అయిపోతయ్" అన్నాడు షరీఫ్. మిషన్ మళ్ళీ గడగడలాడింది.

నూరీన్ అడగ్గానే ఎదురింటి బుచ్చిరాములు కారు తీస్తానన్నాడు, ఐదింటికి వాకిట్లో ఉంటానన్నాడు. షాహిదా చేతులు కడుక్కుంది, కొంగు నెత్తి మీదికి లాక్కుంది, వంటింటి గుమ్మంలోంచి పిలిచింది.

"భాయ్‌సాబ్, జర ఇటు రాండ్రి."

మోయిజ్ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "ఏందమ్మా? సామానా? అన్నీ నేను పంపిస్త, ఫికర్ చెయ్యకు. పది దినాలు మావాడు అల్లా ఇంట్ల మెహమాన్, సుట్టం."

"ఆయన ఇతికాఫ్‌కు పోడు భాయ్‌సాబ్."

మోయిజ్ నవ్వాడు. తర్వాత ఆమె నవ్వడం లేదని చూశాడు.

"ఏం మాట్లాడుతున్నవ్? మహల్లా మొత్తం వాని మీద ఆశ పెట్టుకున్నది. ఇంక గంటన్నర లేదు. వేరేటోన్ని ఎక్కడ తేవాలె? మసీదుకు పోయేటోన్ని ఆపుతరా ఎవరన్న?"

"కరీంనగర్ దవాఖానకు తీసుకపోతున్న."

"ఎందుకు? మల్ల రాయా?"

షాహిదాకు ఇక్కడ దారి ఉంది. అవును, రాయే, నొప్పి లేచింది అంటే చాలు, మోయిజ్ తనే కారెక్కించేవాడు. నూరీన్ తల్లిని చూసింది. నిరుటి నుంచి ఆ రాయి ఎంత పని చేసిందో ఆ పిల్లకు తెలుసు. బంధువులను, పక్కింటివాళ్ళను, పెళ్ళిళ్ళకు పిలిచినవాళ్ళను, అందరినీ అదే ఆపింది.

"రాయి లేదు" అంది షాహిదా. "ఎన్నడూ లేకుండె. నేను అబద్ధం చెప్పిన. ఆయనకు మనసు బీమారి ఉన్నది. బైపోలార్ అంటరట. కొన్ని నెలలు కిందికి పడిపోతడు, కొన్ని దినాలు పైకి ఉరుకుతడు. మీరందరు నూర్ అంటున్నరు గదా, గది బీమారి భాయ్‌సాబ్. నిద్ర లేక మెరుస్తుండు. నేను మందు ఆపేసిన, రోజాలుంటె చాలని. నేనే చేసిన."

మోయిజ్ మొహం ఎర్రబడింది. "నోరు మూసుకో. తెల్లందాంక నమాజు చేస్తె బీమారా? దానం ఇస్తె బీమారా? నా తమ్మునికి పిచ్చి అని రేపు గల్లీల తెలిస్తె నీ బిడ్డ మొఖం ఎవరన్న చూస్తరా?"

"పిచ్చి అనకు పెద్దబ్బా" అంది నూరీన్. "షుగర్ లెక్క, బీపీ లెక్క ఇదొకటి. ఒంట్ల సంగతే. నా మొఖం ఎవ్వరూ చూడకుంటె చూడకపాయె."

"డాక్టరమ్మ అడిగింది" అంది షాహిదా. ఆమె ఇప్పుడు ఆగేటట్టు లేదు. "ఇంట్ల ఇంక ఎవరికన్న గిట్ల ఉండెనా, ఇది రక్తంల గూడ వస్తది అని మొదటి దినమే అడిగింది. మీ ఇంట్ల ఎవ్వరికీ లేదని నేనే రాయించిన. దిష్టి కాదు, షైతాన్ కాదు, నమాజు తక్కువై కాదు. ఆయనకు నమాజు తప్పు లేదు. గని ఇయ్యాల ఒంటరిగ పోనిస్తె మనకు దక్కడు. ఇరవయ్యేడో రాత్రి పోత, పిలుస్తుండ్రు అంటుండు."

"ఏమన్నవ్?"

"ఇరవయ్యేడో రాత్రి పోతడట. బిడ్డ తోని అన్నడు."

మోయిజ్ చేతిలో అత్తరు సీసా జారి కింద పడింది. పగల్లేదు, దొర్లుకుంటూ బియ్యం డబ్బా దగ్గర ఆగింది. ఆయన దాని వైపు చూడలేదు. యాభై రెండేళ్ళ మనిషి, ఎవరికీ ఎదురు లేని మనిషి, స్టూలు మీద నుంచి జారి వంటింటి నేల మీద కూలబడ్డాడు. నూరీన్ నీళ్ళందుకోబోయి, రోజా అని గుర్తొచ్చి ఆగింది.

"మా అబ్బాకు గూడ గిదే ఉండె" అన్నాడు.

వంటింట్లో శనగల కుక్కరు ఒక్కటే శబ్దం.

"అబ్బా పాము కరిచి పోయిండని విన్నవ్ గదా షాహిదా. అందరు గదే విన్నరు. పాము లేదు, ఏం లేదు. అబ్బా గూడ గిట్లనే నాలుగు నెలలు పండుకునుడు, మల్ల కొన్ని దినాలు ఉరుకుడు. బీమారి అని ఎవరికి తెలుసు? ఆ యేడు ఇతికాఫ్ కూసున్నడు. అందరు మెచ్చుకున్నరు. ఇరవయ్యేడో దినం తెల్లారకముందు మసీదుల నుంచి లేచి పోయిండు. మధ్యాన్నం తోట బాయిల దొరికిండు." మోయిజ్ రెండు అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. "నిజం తెలిస్తె శవం ముంగట జనాజా నమాజు ఎవ్వరూ చదవరేమో అని అమ్మీ భయపడ్డది. పాము అని చెప్పుమన్నది. నాకు పద్నాలుగేండ్లు. నేనే గల్లీ గల్లీ ఉరికి చెప్పిన, పాము, పాము అని. షరీఫ్‌కు ఆరేండ్లు. వానికి గూడ నేనే చెప్పిన. ఇయ్యాల వాని పేరు కమిటీల రాయించింది గూడ నేనే. తెలిసి తెలిసి… లేదు, నేను తెలుసుకోదల్చుకోలే. గంతే."

షాహిదా ఆయన ఎదురుగా కూర్చుంది. తమ్ముడి భార్యకూ బావగారికీ మధ్య ఉండే దూరం ఆ వంటింట్లో ఆ పూటకు లేకుండా పోయింది. ఇద్దరూ అబద్ధం మోసినవాళ్ళే. ఆమెది ఒక ఏడాది, ఆయనది ముప్పై ఎనిమిదేళ్ళు.

"లేవండ్రి భాయ్‌సాబ్" అంది. "మీరు చెప్తె వింటడు. మీరు గూడ కారెక్కుండ్రి."

మోయిజ్ తలూపాడు. లేవబోతూ గుమ్మం వైపు చూసి ఆగిపోయాడు.

మిషన్ చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. పరదా పక్కకు జరిపి షరీఫ్ నిలబడి ఉన్నాడు. చంకలో పరుపు చుట్ట, మెడలో టేపు, జుట్టు మీద ఫోము పొట్టు. పదిహేను రోజుల తర్వాత మొదటిసారి అతని చేతులు కదలడం లేదు, పెదవులు కదలడం లేదు. అతను షాహిదాను చూడలేదు, గోలీల షీట్లను చూడలేదు. అన్ననే చూస్తున్నాడు.

"షరీఫ్…" అన్నాడు మోయిజ్. "ఎంత సేపాయె వచ్చి?"

"పాము కాదని నాకు తెలుసు భాయ్."

గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు.

"ఏం తెలుసురా నీకు? ఆరేండ్ల పోరనివి."

"ఆ రాత్రి నేను ఇంట్ల లేను. అబ్బా పక్కనే మసీదుల పండుకున్న. మీరందరు మర్చిపోయిండ్రు. అబ్బా లేచినప్పుడు నేను మేల్కొనే ఉన్న." షరీఫ్ పరుపు చుట్టను నెమ్మదిగా కింద పెట్టాడు. "నా చెవుల ఒక మాట చెప్పి పోయిండు. ఎవ్వరికీ చెప్పొద్దన్నడు. నేను చెప్పలే. ఇయ్యాలటి దాంక చెప్పలే."

వీధిలో బుచ్చిరాములు కారు హారన్ రెండుసార్లు మోగింది. నూరీన్ తండ్రి వైపు ఒక అడుగు వేసింది. షరీఫ్ గడప మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, ఎదురుగా ఉన్న చౌకట్టుకు పాదాలు ఆనించాడు. ఆ వంటింటికి వేరే తలుపు లేదు.

"గా మాట నేను చెప్పేదాంక ఎవ్వరూ ఈ గడప దాటొద్దు" అన్నాడు. "నేను గూడ."